లెక్కలోకి రాని నడక

ఈ వ్యాసాన్ని ఒక పట్టికతో మొదలుపెడుతున్నాను. సాహిత్యం చదువుకున్నదాన్ని, కథో కవితో వదిలేసి ఇంజనీర్ల పట్టిక పట్టుకున్నానేమిటని అనిపించవచ్చు. కానీ ఈమధ్య నేను చదివిన రాతల్లో పితృస్వామ్యం తన కొలబద్దని ఇంత నిర్మొహమాటంగా బయటపెట్టుకున్నది ఇంకొకటి కనిపించలేదు.

మన దేశంలో రోడ్డు ఎంత వెడల్పుండాలి, ఎన్ని వాహనాలు పోతే దాన్ని విస్తరించాలి అనే ప్రమాణాలు రాసేది ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్. 1934లో పుట్టిన సంస్థ. అది 1990లో రోడ్ల సామర్థ్యం మీద కొన్ని మార్గదర్శకాలు అచ్చువేసింది. పట్టణం రోడ్ల గురించి కాదు, పల్లె ప్రాంతాల రోడ్ల గురించి. రోడ్డు మీద పోయే రకరకాల వాటిని కలిపి లెక్కపెట్టాలంటే అన్నిటినీ ఒకే కొలతలోకి మార్చాలి కదా, ఆ కొలత పేరు ‘ప్యాసింజర్ కార్ యూనిట్’. కారు 1. ఆటో కూడా 1. మోటారు సైకిలు అర, సైకిలు అర. బస్సు 3. ట్రాలీ తగిలించిన ట్రాక్టరు నాలుగున్నర. తోపుడు బండి 3, గుర్రబ్బండి 4. ఎద్దులబండి 8, చిన్నదైతే 6.

దీన్ని ఒక పాఠ్యంగా చదివి చూడండి. ఎద్దులబండి తోలుకుపోయే రైతు ఎనిమిది కార్లకి అడ్డం. యాభైమంది ఎక్కిన పల్లెవెలుగు బస్సు మూడు కార్లతో సమానం, ఒక్క మగమనిషి ఒంటరిగా కూచున్న కారు మాత్రం నిండా ఒకటి. ఇక నడిచేవాళ్ళు? వాళ్ళకి ఈ పట్టికలో గడి లేదు. సున్నా అని కూడా రాయలేదు. సున్నా అంటే కనీసం లెక్కలోకి తీసుకుని కొట్టేసినట్టు. ఇక్కడ ఆ ప్రస్తావనే లేదు.

ఇది మనుషుల విలువ కాదు, రోడ్డు మీద ఏ బండి ఎంత చోటు ఆక్రమిస్తుంది, మిగతావాటి వేగాన్ని ఎంత తగ్గిస్తుంది అనే సాంకేతిక లెక్క అని ఇంజనీర్లు అంటారు. ఒప్పుకుంటాను. కానీ ఎవరి వేగం తగ్గుతోందని అడిగామో అక్కడే పక్షం తీసుకున్నాం. పురుషుణ్ణి ‘మనిషి’ అని పిలిచి స్త్రీని ప్రత్యేకంగా ‘స్త్రీ’ అనే భాషని మనం ఇన్నేళ్ళుగా ప్రశ్నిస్తూనే వున్నాం. కారుని రోడ్డుకి కొలమానం చేసి మిగతావన్నీ దానికి ఇన్నిరెట్ల ఆటంకం అనే భాష కూడా అలాంటిదే. ఈ లెక్కతో గణించి, రద్దీ ఎక్కువైందని తేల్చి, రోడ్డు వెడల్పు చేస్తారు. చేశాక రద్దీ తగ్గుతుందా అంటే అదీ లేదు. అమెరికా నగరాల సమాచారం మీద గిలెస్ డ్యురాంటన్, మాథ్యూ టర్నర్ అనే ఆర్థికవేత్తలు 2011లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, రోడ్డు ఎంత పెరిగితే వాహనాల తిరుగుడు దాదాపు అంతే పెరుగుతుంది. పెద్ద ఇల్లు కట్టుకుంటే సామాను తక్కువైనట్టు అనిపించడం కొన్నాళ్ళే.

ఈ పట్టికని నేను కణేకల్‌లో కూచుని చదువుతున్నాను కనుక నాకు ఇలా కనిపిస్తోందేమో. అనంతపురం జిల్లాకి ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్లు. వాన తక్కువ పడే జిల్లాల్లో మాదొకటి. కణేకల్‌కి ఆ కరువులోనే ఒక విచిత్రమైన అమరిక వుంది. తుంగభద్ర ఎగువ కాలువ నీళ్ళొచ్చిన చోట వరి, మిరప. కాలువ అందని మిట్టలో వేరుశనగ, దాని మీద ఆశ. ఇంకోవైపు హగరి, అదే వేదవతి. ఎండిన ఏటి ఇసుకని గాలి ఎత్తుకొచ్చి ఒడ్డున దిబ్బలు పోసింది. బొమ్మనహాళ్ నుంచి కణేకల్ దాకా కొన్నిచోట్ల పొలాలని కూడా అవి మింగాయి. నైరుతి గాలి మొదలైతే ఇసుక రోడ్డు మీదికి పారాడుతూ వస్తుంది. ఆ గాలికి ఎదురు సైకిలు తొక్కినవాళ్ళకి తెలుసు, చదునైన నేల మీద కూడా ఎత్తు ఎక్కుతున్నట్టే వుంటుంది. సైకిలు గురించి మాట్లాడేటప్పుడు ఈ గాలినీ ఇసుకనీ మరిచిపోయి మాట్లాడకూడదు.

ఇక్కడ ఎవరు నడుస్తారు? నాట్లకి, కలుపుకి, మిరప కోతకి పోయే ఆడవాళ్ళు. అంగన్‌వాడీకి బిడ్డని దింపి, రేషన్ సరుకులు తెచ్చి, ఆసుపత్రికి పోయే ఆడవాళ్ళు. ఎంతమంది, ఎంత దూరం? 2011 జనాభా లెక్కల్లో, పనికి ఎంతదూరం పోతారు, దేనిమీద పోతారు అని అడిగారు. చాలా మంచి ప్రశ్న. దాని ఆధారంగానే మన దేశంలో నడిచేవాళ్ళ గురించీ సైకిలు తొక్కేవాళ్ళ గురించీ ఈరోజుకీ ఎందరో రాస్తున్నారు. కానీ ఆ పట్టిక శీర్షికలో ‘ఇతర పనివారు’ అని వుంటుంది. అంటే రైతులు, వ్యవసాయ కూలీలు, కుటీర పరిశ్రమల్లో పనిచేసేవాళ్ళు తప్ప మిగిలినవాళ్ళు. పల్లె ఆడవాళ్ళలో అత్యధికులు చేసేది ఆ మినహాయించిన పనులే. పొలానికి పోయే నడకని ప్రయాణం అనుకోలేదు. ఇంటికి నీళ్ళు మోసే నడక అయితే పని అని కూడా అనుకోలేదు. ఇంజనీర్ల పట్టికలో లేనామె జనాభా పట్టికలోనూ లేదు.

లెక్కలో లేకపోవడం అనేది అలంకారం కాదు. 2022 నవంబర్ 2న కణేకల్‌కి పక్క మండలం బొమ్మనహాళ్‌లోని దర్గాహొన్నూరు దగ్గర, కూలికి పోయిన ఆడవాళ్ళున్న ట్రాక్టరు మీద కరెంటు తీగ తెగిపడి నలుగురు చనిపోయారు. 2024 నవంబర్ 23న గార్లదిన్నె మండలంలో తలగాసిపల్లె దగ్గర కూలీల ఆటో, ఆర్టీసీ బస్సు ఢీకొని కనీసం ఏడుగురు పోయారు. వాళ్ళలోనూ ఎక్కువమంది ఆడవాళ్ళే. మొదటిదానికి కారణం తీగ, రోడ్డు కాదు, నిజమే. కానీ రెండుచోట్లా వాళ్ళ ప్రయాణం ఒకే తీరుది. సరుకు మోసే ట్రాలీలో, ముగ్గురికి చేసిన ఆటోలో, ఎవరో మేస్త్రీ పెట్టిన వాహనంలో, అతను చెప్పిన వేళకి. పొద్దున తీసుకుపోయినవాడు తీసుకొచ్చేదాకా ఆమె అక్కడే. తనంతట తాను కదిలే సాధనం ఆమె దగ్గర లేదు.

సైకిలు అలాంటి సాధనమే. అయితే అది ఆమె దగ్గరికి ఎందుకు రాలేదు?

మా ప్రాంతంలో పెద్దవాళ్ళు ఇప్పటికీ మోటారు సైకిల్ని ‘సైకిల్ మోటారు’ అంటారు. సైకిలుకి మోటారు తగిలించినది అని. ఆ మాటలో ఒక చరిత్ర వుంది. మగవాళ్ళు మొదట సైకిలెక్కారు, తర్వాత దానికి మోటారు వచ్చింది, కలిగినవాళ్ళు కారెక్కారు. ఒక్కో మెట్టు ఎక్కుతూ కింది మెట్టుని వదిలేశారు. ఆడవాళ్ళు నడక మెట్టు మీదే వుండిపోయారు, లేదా మగవాడి బండి వెనక సీటుకి వెళ్ళారు. వెనక సీటు మెట్టు కాదు. ఇక్కడ ఒక పెద్దామెని చిన్నప్పుడు ఇంట్లో సైకిలుండేదా అని అడిగితే ఇలా చెప్పింది: “ఉండ్య పాపా. మా నాయన సైకిలు మా యన్నకొచ్చె. మా యన్నది మా తమ్మునికొచ్చె. మాకు బిందెలొచ్చె.” నవ్వుతూనే చెప్పింది. పక్కనున్న ఆమె కోడలు మాత్రం నవ్వలేదు.

ఒక తరం వెనక్కి పోతే సైకిలు అంటే అల్లుడు అడిగే కట్నం. వాచీ, రేడియో, సైకిలు. పిల్ల తండ్రి అప్పు చేసి కొంటే అల్లుడు తొక్కేవాడు. డిసికా తీసిన ఇటాలియన్ సినిమా ‘బైసికిల్ థీవ్స్’ (1948) గురించి మన విమర్శకులు పేదరికం, తండ్రీకొడుకుల బంధం అని ఎంతో రాశారు. ఆ సైకిలు ఇంటికెలా వచ్చిందో మాత్రం పెద్దగా పట్టించుకోలేదు. తాకట్టులో వున్న సైకిల్ని విడిపించడానికి భార్య మారియా మంచం మీది దుప్పట్లు లాగి మూటగట్టి తాకట్టు పెడుతుంది. వాటిలో ఆమె పెళ్ళికి తెచ్చుకున్నవి కూడా వున్నాయి. సైకిలొచ్చాక కాసేపటికే ఆమె కథలోంచి తప్పుకుంటుంది. మిగతా సినిమా అంతా పోయిన సైకిలు కోసం మగవాళ్ళు వీధులు తిరగడం. ఆమె దుప్పట్ల కోసం ఎవరూ తిరగరు. గొప్ప సినిమాయే. కట్నంలో వచ్చిన సైకిలుకి కూడా ఇదే కథ అని మాత్రం గుర్తుపెట్టుకోవాలి.

దీని పక్కన ఇరాన్ దర్శకురాలు మర్జియే మెష్కినీ తీసిన ‘ద డే ఐ బికేమ్ ఎ వుమన్’ (2000) లో రెండో కథ పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. సముద్రం పక్క రోడ్డు మీద ఆహూ అనే యువతి చాలామంది ఆడవాళ్ళతో కలిసి సైకిలు పందెంలో వుంటుంది. భర్త గుర్రమెక్కి వెంటపడతాడు, దిగమంటాడు. తర్వాత మతపెద్ద, తండ్రి, సోదరులు, అందరూ గుర్రాల మీదే. వాళ్ళకి పందెం ఎవరు గెలుస్తారన్నది ముఖ్యం కాదు. ఆమె దిగాలి, అంతే.

‘దిగు’ అనే మాట మనకి తెలియంది కాదు. దళితుడు సైకిలు మీద ఊళ్ళోకొస్తే పెద్దకులాల వీధుల్లో దిగి నడిపించుకుపోవాలనే కట్టుబాటు మన పల్లెల్లో చాలాకాలం నడిచింది. రోడ్డు అందరిదీ అనడం తేలిక. ఎవరు ఏ ఎత్తులో కూచుని పోవచ్చన్నది కులం, జెండర్ కలిసి నిర్ణయించాయి. కూలికి నడిచిపోయే ఆడవాళ్ళలో దళిత, బహుజన స్త్రీలే ఎక్కువ కనుక ఈ రెండు నిషేధాలూ వాళ్ళ విషయంలో ఒకటే అయ్యాయి. సైకిల్ని కేవలం పర్యావరణ వస్తువుగా చూసేవాళ్ళకి ఇది కనిపించదు.

ఆ నిషేధం మూకుమ్మడిగా విరిగిన చోటు మనకి దగ్గర్లోనే వుంది. తమిళనాడులో పుదుక్కోట్టై. అదీ వెనకబడిన, కరువు జిల్లాయే. 1991లో మొదలైన అక్షరాస్యతా ఉద్యమం ‘అరివొళి ఇయక్కం’లో సైకిలు నేర్పడాన్ని కూడా భాగం చేశారు. షీలారాణి చుంకత్ అప్పటి కలెక్టరు. క్వారీ కూలీలు, పొలం కూలీలు, నర్సులు, టీచర్లు వేలకి వేలు నేర్చుకున్నారు. పి. సాయినాథ్ అక్కడికి వెళ్ళి రాశాడు. ఆ రాతలో నాకు అన్నిటికంటే నచ్చింది ఒక చిన్న సంగతి. ఆడవాళ్ళ సైకిళ్ళు చాలక చాలామంది మగవాళ్ళ సైకిళ్ళే తొక్కారు, తర్వాత అవే బాగున్నాయన్నారు. ఎందుకంటే ముందున్న కడ్డీ మీద బిడ్డని కూచోబెట్టుకోవచ్చు. ఆడవాళ్ళ సౌకర్యం కోసమని, అంటే చీర కోసమూ మర్యాద కోసమూ కంపెనీలు తీసేసిన కడ్డీ ఆడవాళ్ళకి అవసరమైంది. ఆడవాళ్ళ ప్రయాణం అంటే ఒంటరి శరీరం ఇంటినుంచి ఆఫీసుకి పోవడం కాదు. బిడ్డ, నీళ్ళు, బియ్యం, గడ్డిమోపు అన్నీ కలిసిన ప్రయాణం. ఇల్లు, బడి, పొలం, అంగడి, మళ్ళీ ఇల్లు అని వంకర్లు తిరిగే ప్రయాణం.

బీహార్‌లో 2006లో ప్రభుత్వం తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి సైకిలు కొనుక్కోవడానికి రెండువేల రూపాయలిచ్చింది. కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ ఆ పథకాన్ని పరిశీలించి, హైస్కూలులో ఆడపిల్లల చేరిక 32 శాతం పెరిగిందనీ, మగపిల్లలతో వున్న తేడా 40 శాతం తగ్గిందనీ తేల్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో ‘బడికొస్తా’ పేరుతో ప్రభుత్వ బడుల ఆడపిల్లలకి సైకిళ్ళిచ్చారు. మంచి పనే. కానీ రెండు ప్రశ్నలున్నాయి. పది పాసయ్యాక ఆ సైకిలు ఎవరిది? ఆ పిల్ల తల్లికి ఎప్పుడైనా ఇవ్వాలని ఎవరికైనా తోచిందా? ఆడపిల్ల చలనశీలతని చదువు పేరుతో ఒప్పుకుంటాం, పెళ్ళితో వెనక్కి తీసుకుంటాం. (మా గోడల మీద ఎన్నికల గుర్తుగా సైకిలు బొమ్మ 1983 నుంచీ వుంది. దానిమీద ఎవరూ కూచుని వుండరు. ఎవరిని కూచోబెట్టాలో తేల్చుకోవడం కష్టమే.)

ఇక నగరం వైపు నుంచి వినిపించే సైకిలు వాదం గురించి చెప్పాలి, ఎందుకంటే నా పేచీ దాంతోనూ వుంది. హైదరాబాద్‌లో 2023 అక్టోబర్ 1న ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ప్రారంభించారు, పైన సోలార్ పలకల కప్పుతో. ఎండ తగలకుండా తొక్కవచ్చు. నాకు అసూయ లేదని చెప్పను. అయితే అది ఆరోగ్యం కోసం తొక్కేవాళ్ళ దారి, పనికి పోయేవాళ్ళది కాదు. పొద్దున పాచిపనికి పోయే ఆమె వుండే బస్తీకీ ఆమె పనిచేసే అపార్టుమెంటుకీ మధ్య అలాంటి కప్పు ఎవరూ వేయలేదు. కారున్నవాళ్ళకి సైకిలు ఒక ఎంపిక, ఒక ఆదివారం. కారు మానేసి సైకిలెక్కండి అనే నినాదం కూడా వాళ్ళకే. కణేకల్ ఆడమనిషి మానేయడానికి ఆమె దగ్గర కారు లేదు.

అందుకే ఇక్కడ ఒక అమ్మాయి నాతో, సైకిలెందుకక్కా, ఇచ్చేదేదో స్కూటీ ఇమ్మను అన్నప్పుడు దానికి కోపం తెచ్చుకునే హక్కు పర్యావరణవాదులకి లేదనుకుంటాను. భూమిని కాపాడే భారం కూడా నెత్తిన బిందె వున్నవాళ్ళ మీదే పెడతామా? కరువు జిల్లాలో గొల్లపల్లి జలాశయం నీళ్ళిచ్చి, ఐదువందల ఎకరాలకి పైగా భూమి ఇచ్చి పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ తెచ్చుకున్నాం. 2019 డిసెంబర్‌లో దాని ప్రారంభోత్సవం పండగలా జరిగింది. అంత చేసిన సమాజం ఈ అమ్మాయికి మాత్రం త్యాగం బోధించడం బాగుండదు. నా వాదన వేరు. స్కూటీకి పెట్రోలు కావాలి, లైసెన్సు కావాలి, వాయిదా కట్టాలి. ఇంట్లో ఒక్క బండి వున్నంతకాలం అది ఎవరి చేతిలో వుంటుందో మనకి తెలుసు. సైకిలుకి ఈ మూడూ అక్కర్లేదు, చెడితే పంచరు షాపు చాలు. పైగా 2025 ఆగస్టు 15 నుంచి ‘స్త్రీ శక్తి’ పథకంలో ఆడవాళ్ళు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో డబ్బుల్లేకుండా పోవచ్చు. కర్ణాటకలో ఇది 2023 జూన్ నుంచే వుంది, కాబట్టి ఇక్కడివాళ్ళు చాలా ముందు నుంచే బళ్ళారి వైపు చూసి అడుగుతున్నారు. బస్సు ఉచితమే, కానీ అది ఆగేచోటికి వెళ్ళాలి. ఊరినుంచి ఆ స్టాపు దాకా వున్న ముక్కకి సైకిలు, అక్కణ్ణుంచి బస్సు. ఈ రెండూ కలిస్తే ఆమెకి మేస్త్రీ ఆటో కోసం ఎదురుచూడాల్సిన రోజులు కొన్నైనా తగ్గుతాయి.

ఎండలో సైకిలా అంటారు. ఆమె ఆ ఎండలో నడుస్తూనే వుంది. ఎండని పట్టించుకునేవాళ్ళయితే ముందు చెట్లని పట్టించుకోవాలి. రోడ్డు విస్తరణ అనగానే మొదట పడేది అంచున వున్న చింత, వేప, మర్రి. హైదరాబాద్ నుంచి చేవెళ్ళ మీదుగా పోయే రోడ్డు పక్కన దాదాపు తొమ్మిదివందల మర్రిచెట్ల కోసం ప్రకృతి ప్రేమికులు హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళారు. ఇంతలో 2025 నవంబర్ 3న అదే రోడ్డు మీద మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు ఆర్టీసీ బస్సుని ఢీకొని 19 మంది చనిపోయారు. చెట్ల కోసం ఆగిన విస్తరణే వాళ్ళని చంపిందని చాలామంది అన్నారు. ఈ మాటని తోసిపుచ్చలేను. ఇరుకు రోడ్డు కూడా చంపుతుంది, బస్సులో వుండేది మన ఆడవాళ్ళే. ఆ రోడ్డుకి మధ్య విభాజకం కావాలి, టిప్పర్ల వేగానికీ బరువుకీ కళ్ళెం కావాలి. కానీ వెడల్పు చేసిన ప్రతి రోడ్డూ ప్రాణాలు కాపాడుతుందంటే నమ్మను. వెడల్పైన రోడ్డు మీద వేగం పెరుగుతుంది, దాన్ని అడ్డంగా దాటాల్సిన ఆడమనిషికి దూరమూ పెరుగుతుంది.

నెదర్లాండ్స్ గురించి చెప్పేటప్పుడు అక్కడి జనం సహజంగా సైకిలు ప్రియులన్నట్టు రాస్తారు. 1950, 60 దశకాల్లో వాళ్ళూ కార్ల కోసం రోడ్లు విస్తరించారు. 1971 ఒక్క ఏడాదిలో రోడ్ల మీద మూడువేల మందికి పైగా చనిపోయారు, అందులో నాలుగువందల మందికి పైగా పిల్లలు. మరుసటి సంవత్సరం పుట్టిన ఉద్యమం పేరే ‘పిల్లల హత్య ఆపండి’. తల్లులు పిల్లలతో సహా రోడ్లు ఆక్రమించి కూచున్నారు. తర్వాత 1973 నాటి చమురు సంక్షోభం తోడైంది. ఇప్పుడు మనం ఫొటోల్లో చూసే సైకిలు దారులు ఆ కోపంలోంచి వచ్చాయి. దర్గాహొన్నూరు, తలగాసిపల్లె పేర్లు మన దగ్గర రెండురోజుల వార్తలయ్యాయి, పరిహారం చెక్కులయ్యాయి, అంతే.

కణేకల్‌కి నాలుగు వరసల రోడ్డు అడిగేవాళ్ళున్నారు. 2000ల దశకంలో ఓబుళాపురం ఇనుప ఖనిజం లారీలు రాయదుర్గం, బళ్ళారి వైపు రోడ్లని ఏం చేశాయో చూసినవాళ్ళు కూడా వాళ్ళలో వున్నారు. నేను అడిగేది చిన్నది. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద పల్లెకి వేసే తారు వెడల్పు మామూలుగా 3.75 మీటర్లు. ఎదురుగా లారీ వస్తే తారు దిగి మట్టిలోకి పోవాల్సింది నడిచేవాళ్ళు, సైకిలు తొక్కేవాళ్ళు. ఆ మట్టిలో సర్కారు కంప ముళ్ళు. గాలికాలంలో ఇసుక. ఆ అంచుని ఒకటిన్నర మీటరు గట్టిచేసి, కంప కొట్టి, ఇసుక ఊడ్చి, వున్న చెట్లని వుంచితే చాలు. ఊళ్ళ దగ్గర బండ్ల వేగం తగ్గించాలి. పొదుపు సంఘాలకి పశువుల కోసం అప్పిచ్చినట్టే కడ్డీ వున్న సైకిళ్ళకీ ఇవ్వాలి, అవి ఆడవాళ్ళ పేరు మీద వుండాలి.

ఇవన్నీ అడగడానికి ముందు లెక్క మారాలి. ఏ రోడ్డు విస్తరించాలన్నా ముందు ట్రాఫిక్ లెక్కిస్తారు, కాగితం పట్టుకుని రోడ్డు పక్కన కూచుంటారు. కణేకల్ దగ్గర ఆ లెక్క తెల్లవారి ఐదింటికి మొదలుపెట్టాలి, కూలికి పోయేవాళ్ళు బయల్దేరే వేళకి. ఆ కాగితంలో నడిచేవాళ్ళకొక వరస వుండాలి. నెత్తిన బరువుందా, చంకన బిడ్డుందా, తిరిగి వచ్చేది ఎన్నింటికి, దేంట్లో అనే గడులుండాలి. రాసుకునే మనిషి కూడా ఆ ఊరి ఆడమనిషే అయితే, ఎవరు ఏ పొలానికి పోతున్నారో అడక్కుండానే రాసుకోగలదు.